డ్రైవరన్నకు నచ్చని వైపర్ బ్లేడులు

మొన్న వానాకాలం మొదలవుతుండగా మా మేనకోడలు తన చిన్న ఎస్‌యూవీకి వైపర్ బ్లేడులు మార్పించాలని కరీంనగర్‌లో ఒక స్పేర్‌పార్టుల దుకాణానికి పోతూ, తోడుగా నన్నూ ఎక్కించుకుంది. దుకాణం అతను బల్ల మీద నాలుగైదు రకాలు పరిచాడు. ఇనుప ఫ్రేము ఉన్నవి, ఫ్రేము లేకుండా ఒంటి రబ్బరులా ఉన్నవి, అవీ ఇవీ కలిపినవి. మా పిల్ల ఫోను తీసి ఒక్కోదాని కింద జనం రాసిన అభిప్రాయాలు చదవడం మొదలుపెట్టింది. అభిప్రాయాలు తరవాత, ముందు పొడుగు చూడమన్నాను. నీ బండికి డ్రైవరు వైపుది పొడుగు, రెండో వైపుది పొట్టి, రెండూ ఒకటే అనుకుని తీసుకోకు. కొక్కెం నీ బండి వైపర్ చేతికి పడుతుందో లేదో చూసుకో. వెనకద్దానికి ఇంకోటి ఉంటుంది, దాన్ని మరిచిపోతావు. ఇలా గడగడా చెప్పేసరికి దుకాణం అతను నా తెల్ల జుట్టు వంకా, చేతిలో గుడ్డసంచి వంకా చూసి, నేను డ్రైవింగు నౌకరీ చేశానా అని అడిగాడు.

నేను ఏనాడూ స్టీరింగు పట్టలేదు. నేను నర్సును. ఉద్యోగంలో సగానికి పైగా ఆదిలాబాద్ ఏజెన్సీలో, జీపు ముందు సీట్లో ఎడమ పక్కన కూర్చుని గడిపాను. వైపర్ల గురించి నాకు తెలిసిందంతా అక్కడ తెలిసిందే. ఇప్పుడు నాలాగే బండ్లెక్కి ఊళ్లు తిరిగే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. ఉన్నవాళ్లు ఎలాగూ తమను తాము గుర్తుపట్టుకుంటారు, పోయినవాళ్లకు పేరుతో పని లేదు.

ఎనభైల నాటి మాట. మాది నేతపని ఇల్లు. మా బాపు మగ్గం మీద పనిచేసేవాడు. మా ఇంటా వంటా మొదటి సర్కారు నౌకరీ నాదే. ఉత్తర్వు వచ్చిన రోజు వాడకంతా చక్కెర పంచిన మా అవ్వ, పోస్టింగు ఉట్నూర్ అవతల అడవిలో అని తెలిశాక రెండు రోజులు అన్నం ముట్టలేదు. నేను మాత్రం పెట్టె సర్దుకుని బస్సెక్కాను. అప్పటికే నాకు కోపం ఎక్కువ, భయం తక్కువ. రిటైరయ్యే నాటికి భయం కొంచెం పెరిగింది గాని కోపం తగ్గలేదు.

మా ఆరోగ్య కేంద్రం ఉట్నూర్‌కూ కెరమెరి ఘాట్‌కూ మధ్య ఒక చిన్న ఊళ్లో ఉండేది. ఒక డాక్టరు, ఒక కంపౌండరు, ఒక మలేరియా ఇన్‌స్పెక్టరు, నేను, ఒక డ్రైవరు. మందులకు, టీకాలకు ఘాట్ దిగి ఆసిఫాబాద్‌కో మంచిర్యాలకో పోవాలి. గూడేలకు పోవాలంటే వాగులు దాటాలి. అన్నింటికీ దిక్కు ఒక్క జీపు.

డ్రైవరన్నది చెన్నూరు. నేను చేరేనాటికే యాభై దాటినవాడు. పొద్దున లేచి తన మొహం కడుక్కోకముందే జీపు మొహం కడిగేవాడు. ఖాకీ చొక్కా ఇస్త్రీ మడత నలగనిచ్చేవాడు కాదు. ప్రతి గూడేనికీ ఒక్కో రకంగా హారను కొట్టేవాడు, అది విని ఏ గూడెం వాళ్లు ఆ గూడెంలో గుడిసెల్లోంచి బయటికి వచ్చేవారు. మా డాక్టరు పేరు తెలియని గూడేలు ఉన్నాయి గాని మా డ్రైవరన్న తెలియని గూడెం లేదు. నన్ను సిస్టరమ్మా అని పిలిచేవాడు. కొత్తలో నాకు ఇంటి మీద బెంగ ఉందని కనిపెట్టి, చెన్నూరు పోయినప్పుడల్లా తన ఇంటి నుంచి సకినాలో గారెలో తెచ్చి, తనకు తెలియనట్టు నా సీటు మీద పెట్టి పోయేవాడు.

ఇక ఆ జీపు సంగతి. ముందద్దం పలకలాగా చదునుగా ఉండేది. వైపర్లు రెండు. డ్రైవరు వైపుది మోటారుతో తిరిగేది. ఎడమ వైపు దానికి మోటారు లేదు. లోపలికి ఒక చిన్న పిడి ఉండేది, వాన పడితే ఆ పక్కన కూర్చున్నవాళ్లే పిడి పట్టుకుని అటూ ఇటూ తిప్పుకోవాలి. డాక్టరు కూర్చుంటే డాక్టరు, తనిఖీకి పెద్ద ఆఫీసరు వస్తే ఆయన, ఎవరైనా సరే తిప్పాల్సిందే. వానలో తనిఖీకి వచ్చిన ఒక ఆఫీసరు గంటసేపు అది తిప్పీ తిప్పీ, రిజిస్టర్లు చూడకుండానే సంతకం పెట్టి పోయాడు.

ఎండాకాలం ఆ వైపు ఎండలకు రబ్బరు ఎండి పగులుతుంది. అందుకని డ్రైవర్లు హోలీ దాటగానే బ్లేడులు ఊడదీసి, తడిగుడ్డలో చుట్టి, ఇంట్లో నీళ్లకుండ పక్కన దాచేవారు. మృగశిర కార్తెను అక్కడ మిరుగం అంటారు. మిరుగం నాడు చేపలకూర తిని, బ్లేడులు తీసి మళ్లీ బండికి బిగించడం డ్రైవర్లందరికీ ఒక పండగ. అంతకుముందే గాలివాన వస్తే మా డ్రైవరన్న జేబులోంచి బీడీ పొగాకు తీసి అద్దం మీద రుద్దేవాడు. ఆయన భార్య బీడీలు చేసేది, పొగాకుకు కొదవ లేదు. పొగాకు రుద్దిన అద్దం మీద నీళ్లు బొట్లుగా నిలవకుండా పరుచుకుని జారిపోతాయి. గూడెంలో పొగాకు తినొద్దని గొంతు చించుకుని చెప్పి, అదే పొగాకు వాసన కొట్టే జీపులో వెనక్కి వచ్చేదాన్ని.

ఒక ఏడు మిరుగం నాడు డ్రైవరన్న మామూలుగానే బ్లేడు బిగించాడు, చెంబెడు నీళ్లు పోశాడు, మోటారు వేసి చూశాడు. పెదవి విరిచాడు. "గీ రబ్బరు పనికస్తలేదు సిస్టరమ్మా. మసక మసక తుడుస్తున్నది" అన్నాడు. ఆ మాటతో మా కేంద్రంలో బ్లేడుల వేట మొదలైంది. దాని వెనక ఒక మనిషి నౌకరీ, ఆ జీపు ఎక్కే మా అందరి ప్రాణాలు ఉన్నాయని అప్పుడు నాకు తెలియదు.

ఉట్నూర్‌లో ఆ బ్లేడులు దొరికేవి కావు. కంపౌండరు మంచిర్యాల పోయినప్పుడు ఒకటి తెచ్చాడు. అది అంబాసిడర్ కారుది. పొడుగెక్కువై ప్రతి తిప్పుకూ అద్దం చట్రానికి టక్కుమని తగిలేది. దానితో రెండు రోజులు తిరిగేసరికి నాకు తలనొప్పి పట్టుకుంది. మలేరియా ఇన్‌స్పెక్టరుకు ఎవరో లారీల మెకానిక్ చుట్టం ఉన్నాడు, ఆయన దగ్గర్నుంచి మంచి బలమైనదని ఒకటి పట్టుకొచ్చాడు. మా చిన్న మోటారు దాన్ని మొయ్యలేక సగం దాకా ఎత్తి ఆగిపోయేది. మూడోది పొడుగు సరిపోయింది గాని కొక్కెం పట్టలేదు. డాక్టరు దాన్ని కట్లు కట్టే ప్లాస్టరు టేపుతో చుట్టి బిగించాడు. చూడటానికి చెయ్యి విరిగిన పేషెంటులా ఉందని అందరం నవ్వుకున్నాం. ఆ వారంలోనే ఒక వాగులో అది ఊడి కొట్టుకుపోయింది.

అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. పిల్లల దండచెయ్యి కొలిచే టేపు తీసుకుని జీపు దగ్గరికి పోయి, పాత బ్లేడు పొడుగు కొలిచాను. కొక్కెం బొమ్మ ఒక మందుచీటీ వెనక గీసుకున్నాను. సెలవులో కరీంనగర్ పోయినప్పుడు దుకాణాలు తిరిగి, చదును అద్దానికి సరిపోయేది, సరైన పొడుగుది, కొక్కెం పట్టేది, రబ్బరు గోటితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి లేచేది వెతికి తెచ్చాను. దుకాణం అతను నన్ను వదిలించుకోవడానికి గోదాములోంచి తీసి ఇచ్చాడు. డ్రైవరన్న దాన్ని బిగించాడు, నీళ్లు పోశాడు, చూశాడు. చాలాసేపు చూశాడు. మంచి బ్లేడే తెచ్చిండ్రు సిస్టరమ్మా, కానీ దీనికి కూడా కొద్దిగా మసక ఉన్నది అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయనకు ఇక దేవలోకం నుంచి తెచ్చినా నచ్చదని కంపౌండరుతో అన్నాను. కంపౌండరు సీసాల మీద చీటీలు అంటించుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే అన్నీ కళ్లముందే ఉన్నాయి. ఆ ఏడు డ్రైవరన్న ఎక్కడికైనా పొద్దు పొడుపునే బయలుదేరదామనేవాడు, పొద్దు వాలకముందే తిరిగి రావాలని తొందరపెట్టేవాడు. దూరంగా ఏదైనా కనబడితే, అది మనిషా మొద్దా చెప్పుకోండి చూద్దాం అని నవ్వులాటగా అడిగేవాడు. నేను చెప్పి, గెలిచాననుకుని సంబరపడేదాన్ని.

ఆ వానాకాలం చివర్లో రెండు వాగుల అవతల ఒక గూడెంలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయని కబురు వచ్చింది. డాక్టరు మీటింగుకు ఆదిలాబాద్ పోయి ఉన్నాడు. నేను సెలైన్ సీసాల పెట్టెలు వెనక వేసుకుని, మధ్యాహ్నం డ్రైవరన్నతో బయలుదేరాను. మొదటి వాగు దాటేసరికి వాన అందుకుంది. గట్టి వాన కూడా కాదు, సన్నగా విడవకుండా పడే ముసురు. ఆయన వైపు నేను తెచ్చిన కొత్త బ్లేడు తిరుగుతోంది. నా వైపుది పాతది, రబ్బరు అంచు చీలి ఉంది, దాన్ని నేను చేత్తో తిప్పుకుంటున్నాను.

మూల తిరగ్గానే దారికి అడ్డంగా ఎడ్లు కనిపించాయి. మంద ఇంటిముఖం పట్టి, దారి నిండా నింపాదిగా నడుస్తోంది. ఆ చీలిన బ్లేడు వెనకనుంచి కూడా నాకు వాటి కొమ్ములు స్పష్టంగా కనిపిస్తున్నాయి. జీపు వేగం తగ్గలేదు. హారను కొడతాడేమో అనుకున్నాను, కొట్టలేదు. అప్పుడు ఆయన మొహం చూశాను. మెడ ముందుకు చాచి, కళ్లు చికిలించి, ఏమీ లేని దారిని చూస్తున్నట్టు చూస్తున్నాడు. నేను ఆయన భుజం పట్టుకుని గుంజి ఆపమని అరిచాను. జీపు బురదలో పక్కకు జారి, ఒక ఎద్దు డొక్కకు బానెట్ ఆనుకునేంత దగ్గరగా ఆగింది.

మంద వెనక గొంగడి కప్పుకున్న గోండు పెద్దాయన ఒకాయన వచ్చాడు. కోపపడలేదు. కోపపడినా నాకు అంత బాధ ఉండకపోవును. జీపు కిటికీ దగ్గరికి వంగి, "పెద్దన్నా, ఎడ్లు గింత పెద్దగున్నయి, కనవడలేదా?" అని మెల్లగా అడిగి, మందను పక్కకు తోలుకుపోయాడు.

డ్రైవరన్న బ్లేడును తిట్టడం మొదలుపెట్టాడు. సగమే తుడుస్తుందట, నీళ్లు మధ్యలో నిలబడుతున్నాయట. నేను బ్లేడు తెచ్చినదాన్ని కదా, నాకు పౌరుషం వచ్చింది. ఆయన్ని కిందికి దిగమన్నాను. ఆ ముసురులోనే దిగి నిలబడ్డాడు. నేను ఆయన సీట్లోకి జరిగి, ఆయన అద్దంలోంచి, ఆయన బ్లేడు తుడిచిన చోటునుంచి చూశాను. దారి కనిపించింది. బురదలో ఎడ్ల గిట్టల ముద్రలు కనిపించాయి. అవతల చేనుకు కట్టిన ముళ్లకంప, కంప మీద వాలిన పిట్ట కూడా కనిపించింది. అద్దం అప్పుడే కడిగి ఆరబెట్టినంత తేటగా ఉంది.

"బ్లేడు మంచిగనే ఉన్నదన్నా" అన్నాను.

ఆయన చొక్కా మీద వాన పడుతోంది. ఇస్త్రీ మడతలు కరిగిపోయాయి. "నాకెర్కే సిస్టరమ్మా" అన్నాడు. "ఎండకాలం సంది ఎర్కే."

వెనక్కి తిరగడానికి లేదు. అవతల గూడెంలో మనుషులు ఉన్నారు, సీసాలు నా దగ్గర ఉన్నాయి, నాకు బండి రాదు. ఆయన ఎక్కాడు. నేను ఒక చేత్తో పిడి తిప్పుతూ, ఇంకో చెయ్యి ఆయన మోచేతి మీద పెట్టి, కుడికి, ఎడమకు, గుంత, రాయి, ఆగు, పో అని చెబుతూ పోయాను. దారంతా మనసులో పదిమంది దేవుళ్లకు మొక్కాను, ఏ ఒక్కరికీ తీర్చలేదు. గూడెం చేరాం. పందిళ్ల కింద మంచాలు వేయించి, చెట్ల కొమ్మలకు సీసాలు కట్టి ఎక్కించాను. అందరూ దక్కారు. నేను పని చేసినంతసేపూ ఆయన జీపు చక్రం పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. గూడెం పెద్ద వచ్చి, నీ బండి రాకపోతే మా పిల్లలు పోదురు అని ఆయన చేతులు పట్టుకుంటే, ఆయన ఎటో చూశాడు.

మరునాడు పొద్దున ఎండలో తిరిగి వస్తుంటే వాగు ఒడ్డున జీపు ఆపాడు. ఎవరికీ చెప్పొద్దని అడిగాడు. ఆయన ఏడుస్తాడేమోనని భయపడ్డాను గాని ఏడవలేదు. ఇంకో రెండు మూడేళ్లు గడిస్తే పింఛను వస్తుందని, అంతదాకా ఓర్చుకోమని లెక్క చెబుతున్నట్టు చెప్పి, ఆ తరవాత అసలు మాట అన్నాడు. "బండి మీదికెల్లి దింపితె నేనెవన్ని సిస్టరమ్మా? గూడేలల్ల నన్ను ఎవలు గుర్తువడ్తరు? గీ హారను ఇని గుర్తువడ్తరు గంతే."

ఆయన తెచ్చిపెట్టిన సకినాలు తిని ఆ అడవిలో నిలదొక్కుకున్నదాన్ని నేను. అయినా చెప్పాల్సింది చెప్పాను. "నిన్న ఎడ్లుండె అన్నా. రేపు పిల్లలుంటరు. సోమవారం దాన్క చూస్త. నువ్వు సార్‌కు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

సోమవారం వచ్చింది. ఆయన చెప్పలేదు. నేనే డాక్టరు గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేశాను. కంపౌండరు, మలేరియా ఇన్‌స్పెక్టరు అక్కడే టీ తాగుతున్నారు, వాళ్లూ వింటే మంచిదే అనుకున్నాను. ఎడ్ల సంగతి, సీటు మారి చూసిన సంగతి చెప్పి, డ్రైవరన్నకు చూపు పోతోంది సార్ అన్నాను. గదిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు. అదే నాకు ఆశ్చర్యం. డాక్టరు మెల్లగా బల్ల సొరుగు లాగాడు. అందులో కాగితం కూడా విప్పని వైపర్ బ్లేడులు ఉన్నాయి. ఇంటికి పోయినప్పుడల్లా ఒకటి తెచ్చి, ఇవ్వడానికి మనసొప్పక దాచాడట. ఇస్తే ఇది కూడా మసకే అంటాడని, అప్పుడిక అసలు సంగతి మాట్లాడక తప్పదని.

తరవాత మలేరియా ఇన్‌స్పెక్టరు నోరు విప్పాడు. ఆయన జీపులో కూర్చుంటే లొడలొడా మాట్లాడతాడని మేమంతా విసుక్కునేవాళ్లం. "నేనూకే మాట్లాడ్తనా సిస్టర్? అగో చెట్టు జూడు, అగో మూలమలుపు జూడు, గా బర్రెలు ఎంత మంచిగున్నయో జూడు అనుకుంట పోత. తొవ్వ జెప్పినట్టుంటది, ఆయన మనసు నొవ్వది" అన్నాడు. కంపౌండరు ఇంకో మెట్టు ఎక్కువ. ఊరి చుట్టుపక్కల మోరీల గోడలకు, మలుపుల దగ్గర రాళ్లకు తెల్లసున్నం వేయించింది తనే. పంద్రాగస్టు కోసమని మాకు చెప్పాడు. ఇక గోడ మీద కళ్లు పరీక్షించే అక్షరాల అట్ట ఉంటుంది కదా, దాన్ని మేకు కొట్టి తగిలించింది డ్రైవరన్నే, అందులో అక్షరాలన్నీ ఆయనకు నోటికి వచ్చు, అందుకే కంటి పరీక్షలో ఎన్నడూ దొరకలేదు. అందరికీ తెలుసు. ప్రతి ఒక్కరూ తమకొక్కరికే తెలుసనుకుని, ఆ ముసలాయన పరువు తామొక్కరే కాపాడుతున్నామనుకుని, ఎవరి బ్లేడు వాళ్లు మోసుకొస్తూ ఉన్నారు.

ఆ క్షణాన నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి, చివరికి కోపమే గెలిచింది. "మనం ఆయన పరువు కాపాడుతున్నమనుకుంటున్నం సార్. బండి కింద ఎవరన్న పడితె గప్పుడు ఆయన పరువు ఏం గావాలె?" అన్నాను. ఇక ఆ జీపు నేను ఎక్కను, ఒక్క పేషెంటును కూడా ఎక్కనివ్వను అని కూడా అన్నాను. పిల్లలూ, ఇది మీకు చెప్పడానికే ఇంత రాశాను. ఆఫీసులో ఒకరంటే ఒకరికి పడకపోతే అక్కడ లోపాలన్నీ బయటపడతాయి. అందరికీ అందరూ ఇష్టమైన చోటే లోపం కడుపులో దాచుకుని పెంచుతారు. మా కేంద్రంలాంటి మంచి చోటు నాకు మళ్లీ దొరకలేదు, అంత ప్రమాదమైన చోటూ దొరకలేదు.

డాక్టరు డ్రైవరన్నను పిలిపించాడు. ఆయన వచ్చి నిలబడ్డాడు. మా నలుగురి మొహాలూ ఆయన చూడగలిగాడో లేదో గాని, తన సంగతి అందరికీ ఎప్పటి నుంచో తెలుసని ఆయనకు అర్థమైంది. డాక్టరు ఎలా మొదలుపెట్టాలో తెలియక, బండి ఎట్లున్నది అని అడిగాడు. "బండి మంచిగనే ఉన్నది సార్" అన్నాడు. "నా కండ్లే మంచిగ లెవ్వు." ఆ మాట అని, తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

రెండు కళ్లకూ శుక్లాలు. ఆసిఫాబాద్‌లో కంటి శిబిరం పెట్టినప్పుడు ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. ఆ రోజుల్లో కంటి లోపల అద్దం పెట్టే పద్ధతి మా వైపు రాలేదు. శుక్లం తీసేసి, నెల దాటాక సోడాబుడ్డి కళ్లద్దాలు ఇచ్చేవారు. ఆ అద్దాలతో ఎదురుగా బాగా కనిపిస్తుంది, పక్కలు కనిపించవు. వాటితో బండి నడపకూడదు. అది నాకు తెలుసు, డాక్టరుకూ తెలుసు. అయినా డాక్టరు, అద్దాలు రానీ, తరవాత చూద్దాం అన్నాడు. నెల రోజులు ఆ మాట పట్టుకుని బతికాడు డ్రైవరన్న. కట్టు కట్టిన కంటితోనే పొద్దున్నే వచ్చి జీపు కడిగేవాడు. ఉట్నూర్ నుంచి తాత్కాలికంగా వచ్చిన కొత్త డ్రైవరు పక్కన నిలబడి చూసేవాడు. వద్దనే ధైర్యం ఆ పిలగాడికీ లేదు, నాకూ లేదు.

అద్దాలు ఇచ్చే రోజున ఆయన భార్యకు జ్వరం. నేను తోడు వెళ్లాను. అద్దాలు పెట్టుకుని బయటికి వచ్చి, ముందుగా నా మొహం చూశాడు. ఆ అద్దాల వెనక ఆయన కళ్లు ఇంతింత ఉన్నాయి. "సిస్టరమ్మా, మీకు గీ తెల్లెంటికలు ఎప్పుడచ్చినయ్?" అన్నాడు. రెండు మూడేళ్లయింది అన్నాను. ఎవరూ చెప్పలేదే అని నొచ్చుకున్నాడు. బస్టాండు దాకా దుకాణాల బోర్డులన్నీ బయటికి చదువుకుంటూ నడిచాడు. నాకు టీ తాగించాడు. బస్సెక్కాక కిటికీ పక్కన కూర్చుని, రేపటి నుంచి బండి తీస్తానని, సార్‌కు నేను కూడా ఒక మాట చెప్పాలని అన్నాడు. సరేనని తలాడించాను. అంత సంతోషంగా ఉన్న మనిషితో బస్సులో ఆ మాట ఎలా చెబుతారు? డాక్టరే చెప్పుకోనీ అనుకున్నాను.

కెరమెరి దాటి బస్సు ఘాట్ ఎక్కడం మొదలుపెట్టింది. మొదటి మలుపు దాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. రెండో మలుపులో మాట ఆగింది. కిటికీకి మొహం ఆనించి కిందికి చూశాడు. టేకు చెట్ల తలలు మా చక్రాల కింద ఎక్కడో దూరంగా ఉన్నాయి. ఎదురుగా కట్టెల లారీ వస్తే మా బస్సు అంచుకు జరిగింది, కిందినుంచి రాళ్లు దొర్లిన చప్పుడు వినిపించింది. ఆయన ముందు సీటు రాడ్డు రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్సు డ్రైవరు బ్రేకు వేసే ప్రతిచోటా ఆయన కుడికాలు కూడా నేలను తొక్కుతోంది.

"గిది నేను బండి నడిపిన తొవ్వేనా?" అన్నాడు.

"గిదే అన్నా."

"గింత ఇరుకుండెనా? గింత లోతుండెనా?"

బస్సు పైకెక్కి, సాపుదారి పట్టి, కొంతదూరం పోయింది. ఆయన అద్దాలు తీసి, ఒళ్లో పెట్టుకుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు. "సార్‌కు నా గురించి ఏం చెప్పకుండ్రి. తాళంచెవి గా పిలగానికే ఉండనియ్యుండ్రి" అన్నాడు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆయన మీద జాలితో కాదు, ఆయనంటే నాకున్న గౌరవంతో.

ఊరు దగ్గరపడ్డాక మళ్లీ నా వైపు తిరిగాడు. అద్దాలు లేవు కాబట్టి నా మొహం ఆయనకు మసకగానే కనిపించి ఉంటుంది. గొంతులో కోపం ఉందో, ప్రేమ ఉందో నాకు ఈ రోజు వరకూ తేలలేదు.

"ఎర్కుండి గూడ, మీరందరు నా బండిల ఎట్ల కూసున్నరు సిస్టరమ్మా?" అని అడిగాడు.

అంత కోపిష్టిని, ఎవరి మాటకైనా ఎదురు చెప్పేదాన్ని, బస్సు మా ఊళ్లో ఆగేదాకా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.